నాన్నగారి రీళ్ళు, అమ్మ నెమలికంఠం చీర

నాన్నగారు పోయిన ఏడాదికి రాజమండ్రిలో ఇల్లు ఖాళీ చేసి అమ్మని హైదరాబాద్ తీసుకొచ్చాను. సామాన్లు చాలావరకు అక్కడే ఎవరెవరికో ఇచ్చేసింది కానీ ఇనప బీరువా మాత్రం వదలనంది. దాని అడుగు అరలో, పట్టుచీరల కింద, 18 ప్లాస్టిక్ పెట్టెలు, ఒక బిస్కెట్ల డబ్బా ఉన్నాయి. పెట్టెల నిండా స్లైడ్లు, అంటే అట్ట చట్రాల్లో బిగించిన, అసలు రంగుల్లోనే బొమ్మ కనిపించే ఫిల్మ్ ముక్కలు. డబ్బాలో నెగటివ్‌లు. చిన్నప్పుడు మమ్మల్ని వాటి దరిదాపులకి కూడా రానిచ్చేవారు కాదు.

నాన్నగారు ప్రభుత్వ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేవారు. జీతంలోంచి కొంచెం కొంచెం దాచి పాత ప్రాక్టికా కెమెరా ఒకటి కొన్నారు. పిల్లల్ని మారేడుమిల్లి అడవులకో, లాంచీలో పాపికొండల వైపో తీసుకెళ్ళినప్పుడు మొక్కల ఫొటోలు తీసేవారు. క్లాసులో ప్రొజెక్టర్ మీద చూపించాలి కాబట్టి స్లైడ్ ఫిల్మే వాడేవారు. ఆయన పెట్టెల్లో ఎక్కువ భాగం ఓర్వో. తూర్పు జర్మనీలో వోల్ఫెన్ అనే ఊళ్ళో తయారయ్యే ఫిల్మ్ అది. 'ఒరిజినల్ వోల్ఫెన్' అన్న రెండు మాటల మొదటి అక్షరాలతో ఆ పేరు పెట్టారు. రీలు అయిపోయాక మద్రాసులో ఒక ల్యాబ్‌కి పోస్టులో పంపి కడిగించేవారు. 36 ఫ్రేముల రీల్లో 30 మొక్కలకి పోయేవి. చివర మిగిలిన ఐదో ఆరో మాకు. "చెట్లకి పెట్టగా మిగిలింది మనకి" అని అమ్మ ఇప్పటికీ అంటుంది.

ముందు ఒక స్టూడియోలో 20 స్లైడ్లు ఇచ్చి చూశాను. లైటు పలక మీద పెట్టి, పైనుంచి ఫోన్‌తో ఫొటో తీసి ఇచ్చారు. మొహాలు పిండిముద్దల్లా వచ్చాయి, ఆకాశం ఉన్నచోట ఉత్త తెలుపు. అప్పుడే నిర్ణయించుకున్నాను, ఎంతకాలం పట్టినా ఈ పని నేనే చేయాలని. ఫిల్మ్ కోసమే తయారైన స్కానర్లు ఉంటాయని తమ్ముడు చెప్పాడు. తను సగం, నేను సగం వేసుకుని ప్లస్‌టెక్ 8200ఐ కొన్నాం.

ఒకదాని మీద ఒకటి పెట్టిన రెండు ఇటుకలంత ఉంటుంది ఆ యంత్రం. దానితో ఒక ట్రే ఇస్తారు. స్లైడ్లయితే నాలుగు, నెగటివ్ అయితే ఆరు ఫ్రేముల ముక్క అందులో పడుతుంది. ట్రేని ఒక పక్క నుంచి దూర్చి, ఒక్కో ఫ్రేముకీ చేత్తోనే జరపాలి. టిక్కుమని ఆగిన చోట ఫ్రేము సరిగ్గా కూర్చుంటుంది. లోపల కాంతి ఫిల్మ్‌లోంచి దూరి వస్తుంటే సెన్సర్ దాన్ని గీత గీతగా చదువుతుంది. కాగితం ఫొటోని స్కాన్ చేయడానికీ దీనికీ అసలు తేడా అదే. ప్రింటులో నల్లగా ముద్దకట్టిన చోట ఫిల్మ్‌లో ఇంకా బోలెడు వివరం దాగి ఉంటుంది. వరండా నీడలో కూర్చున్న మా నానమ్మ ప్రింటులో ఒక తెల్లచీర మాత్రమే. నెగటివ్‌లోంచి వచ్చినప్పుడు ఆవిడ చేతిలో ఉన్న తాటాకు విసనకర్ర ఈనెలు కూడా లెక్కపెట్టొచ్చు.

యంత్రం మీద 7200 డిపిఐ అని ఉంటుంది, అంటే అంగుళానికి అన్ని చుక్కలు చదువుతుందని. ఒకే స్లైడుని 7200లోనూ 3600లోనూ చేసి పక్కపక్కన పెట్టి చూశాను. 3600 దాటాక ఫిల్మ్ గింజలు పెద్దవయ్యాయి తప్ప బొమ్మలో కొత్తగా కనపడిందేమీ లేదు. ఫ్రేము 36 మిల్లీమీటర్ల పొడవు, 24 వెడల్పు. 3600లో చేస్తే 5100 అడ్డం, 3400 నిలువు చుక్కలు వస్తాయి. అంటే కోటీ 70 లక్షల పైమాటే. టిఫ్ ఫైలుగా దాచితే ఒక్కొక్కటీ 100 ఎంబీ దాటుతుంది. మా వాడుకకి ఇది చాలా ఎక్కువే, కానీ రెండోసారి చేసే ఓపిక ఎవరికీ ఉండదని తెలుసు కాబట్టి అక్కడే ఆగాను.

స్కానింగ్ కన్నా శుభ్రం చేయడానికే ఎక్కువసేపు పట్టింది. గోదావరి గట్టున ఇల్లు, వానాకాలం నాలుగు నెలలూ గోడలు చెమరుస్తాయి. స్లైడ్లలో సగానికి పైగా బూజు. వెలుతురుకి పెట్టి చూస్తే సన్నటి వేళ్ళలా అల్లుకుపోయి ఉంది. తడిగుడ్డతో తుడిస్తే పోతుంది కదా అనిపిస్తుంది, ఆ పని అస్సలు చేయకూడదు. బూజు పట్టిన చోట బొమ్మని మోసే జెలటిన్ పొర నీళ్ళకి కరిగే స్థితిలో ఉంటుంది. తుడిస్తే బూజుతో పాటు బొమ్మా వస్తుంది. ముందు రబ్బరు బ్లోయర్‌తో గాలి ఊది, మెత్తటి కుంచెతో దుమ్ము దులిపి, మరీ అవసరమైతే మెరిసే వైపు మాత్రం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో సుతారంగా తుడిచేదాన్ని. మెరవని వైపు బొమ్మ ఉన్న వైపు. దాని జోలికి పోలేదు. చేతులకి నూలు తొడుగులు, ఫ్యాను కట్టేయడం. ఏప్రిల్లో మొదలుపెట్టిన పని ఇది, హైదరాబాద్ ఎండల్లో ఫ్యాను లేకుండా గంట కూర్చోవడం మాటలు కాదు. అమ్మ మజ్జిగ గ్లాసు తెచ్చేది, అదీ దూరంగా కిటికీలో పెట్టమనేదాన్ని.

మెరిసే వైపు, మెరవని వైపు ముందే తెలుసుకుని ఉంటే 40 స్లైడ్లు మళ్ళీ చేయాల్సొచ్చేది కాదు. దేవీపట్నం రేవులో దిగుతున్న కాలేజీ పిల్లల ఫొటో చూస్తుంటే వెనక దుకాణం బోర్డు మీద తెలుగు అక్షరాలు అద్దంలోలా తిరగబడి కనిపించాయి. వెనక్కి వెళ్ళి చూస్తే ఆ వరసంతా తిరగేసి పెట్టాను. ఆకులు, కొమ్మలు కాబట్టి కుడి ఎడమలు మారినా కనిపెట్టలేకపోయాను. ఆ బోర్డు లేకపోతే అలాగే ఉండిపోయేవి. పోలవరం ముంపులో పోయిన ఊళ్ళలో దేవీపట్నం కూడా ఒకటి. ఆ రేవు, ఆ దుకాణం ఇంక ఎవరూ వెళ్ళి చూసేవి కావు. అందుకే తిరగేసినవన్నీ తీసేసి, శ్రద్ధగా మళ్ళీ చేశాను.

అయితే నేను చేసిన అసలు తప్పు అది కాదు.

మొదట్లోనే స్లైడ్లన్నీ మంచం మీద పరిచి రెండు కుప్పలు చేశాను. మొక్కలు ఒక పక్క, మనుషులు ఒక పక్క. మనుషులవి ముందు చేసి, మొక్కలవి తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చని. ఒక్కో అట్ట చట్రం మీద నాన్నగారు నల్ల సిరాతో చిన్న అంకెలు వేశారు. 77-3/31. 77-3/32. అవి ఆయన లెక్కలేవో అనుకుని వదిలేశాను.

మనుషుల కుప్పలో మొదట చేతికొచ్చినవి అమ్మవి. రాజమండ్రి ఇంటి వరండా మెట్ల మీద నిలబడి ఉంది. చంకలో తమ్ముడు, కొంగు పట్టుకుని నేను. స్క్రీన్ మీద చూస్తే అంతా గులాబీ రంగు. మెట్లు గులాబీ, ఆకాశం గులాబీ, మా మొహాలు సున్నం ఎక్కువైన తాంబూలంలా ఉన్నాయి. కలర్ ఫిల్మ్‌లో మూడు రంగుల పొరలు ఉంటాయి: నీలిఆకుపచ్చ, మెజెంటా, పసుపు. ఈ స్లైడ్లలో నీలిఆకుపచ్చ పొర అన్నిటికన్నా ముందు వెలిసిపోయింది. ఎరుపుని ఆపాల్సింది ఆ పొరే కాబట్టి, అది బలహీనపడితే బొమ్మంతా ఎర్రబారుతుంది. స్కానర్ సాఫ్ట్‌వేర్‌లో రంగులు దానంతటదే సరిచేసే బటన్ ఉంది. నొక్కాను. గులాబీ పోయి అంతా బూడిదా నీలమూ కలిసినట్టు తయారైంది. అమ్మ చీర వంగపండు రంగుకి తిరిగింది.

అమ్మ వెనక నుంచి చూస్తోంది. "అది నా నెమలికంఠం చీర. అలా చచ్చిపోయిన రంగు కాదు" అంది.

ఎలా ఉండేదో చెప్పమని మూడు రోజులు ఆ ఒక్క స్లైడు మీదే కూర్చున్నాను. కొంచెం నీలం పెంచనా అంటే పెంచమనేది, పెంచితే ఎక్కువైందనేది. నాలుగో రోజు ఆవిడే బీరువా తీసి ఆ చీర పట్టుకొచ్చింది. ఉప్పాడ పట్టు, మడతల దగ్గర జరీ కొంచెం నల్లబడింది కానీ రంగు చెక్కుచెదరలేదు. స్క్రీన్ పక్కన పట్టుకున్నాం. ట్యూబ్‌లైటు కింద ఒకలా ఉంది, కిటికీ దగ్గరకి తీసుకెళ్తే ఇంకోలా ఉంది. నెమలికంఠం అంటేనే అది కదా, పడుగు ఒక రంగు, పేక ఒక రంగు. అటు తిప్పితే నీలం, ఇటు తిప్పితే ఆకుపచ్చ. ఎదురుగా చీర ఉండి కూడా దాన్ని కొలతగా వాడుకోలేకపోయాను. ఆ రాత్రి చాలా దిగులేసింది.

విసుగేసి మొక్కల కుప్పలోంచి ఒకటి తీసి పెట్టాను. అడవినాభి పువ్వు. చట్రం మీద "గ్లోరియోసా సూపర్బా, మారేడుమిల్లి" అని, కింద 77-3/14 అని ఉంది. రేకలు మంటల్లా పైకి లేచి, అంచులు అలలు తిరిగి, ఆకు కొసలు తీగలా చుట్టుకుని. ఆ పువ్వు పక్కన, కొలత తెలియడానికి, నాన్నగారు తెల్ల ప్లాస్టిక్ స్కేలు పెట్టారు. నల్ల గీతలున్న మామూలు స్కేలు. స్లైడులో అది కూడా గులాబీ రంగులోనే ఉంది.

కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఆ స్కేలు తెలుపని నాకు తెలుసు. గీతలు నలుపని తెలుసు. ఒక్కో రంగు చీకటి నుంచి వెలుతురు దాకా ఎక్కడ ఎంత ఉందో సాఫ్ట్‌వేర్ గ్రాఫుగా చూపిస్తుంది. ఆ రెండూ సరిగ్గా వచ్చేదాకా ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు గ్రాఫుల రెండు కొసల్నీ విడివిడిగా జరుపుకుంటూ వెళ్ళాను. ముఖ్యంగా ఎరుపు గ్రాఫులో చీకటి వైపు కొసని బాగా లోపలికి లాగాల్సొచ్చింది, అక్కడే కదా రంగు వెలిసింది. స్కేలు తెల్లబడింది, గీతలు నల్లబడ్డాయి. అప్పుడు పువ్వు వైపు చూశాను. రేకల అడుగున పసుపు, పైన నిప్పులాంటి ఎరుపు, వెనక ఆకుల పచ్చదనం. పువ్వు రంగు కోసం నేను వేలు కూడా కదపలేదు. స్కేలు సరిపోగానే అదే వచ్చింది.

అప్పుడు వెలిగింది 77-3 అంటే ఏమిటో. 1977లో మూడో రీలు. అమ్మ మెట్ల మీద నిలబడ్డది 77-3/33. అడవిలో పువ్వు తీసిన రీల్లోనే చివర మిగిలిన ఫ్రేములవి! ఒకే ఫిల్మ్, ఒకే తొట్టెలో కడిగింది, ఒకే బీరువాలో 40 ఏళ్ళకి పైగా ఉంది. వెలిసిపోవడం కూడా రెండిటిలో ఒకేలా ఉండాలి. 14కి పెట్టిన అంకెలన్నీ యథాతథంగా 33కి వేశాను.

మెట్లు సిమెంటు రంగుకి తిరిగాయి. తమ్ముడి చొక్కా పసుపుపచ్చ. అమ్మ చీర భుజం దగ్గర నీలం, కుచ్చిళ్ళ దగ్గర ఆకుపచ్చ. అడవి నీడకీ వరండా ఎండకీ తేడా ఉంటుంది కాబట్టి వెచ్చదనం రవ్వంత తగ్గించాను, అంతే. అమ్మని లేపాను. రాత్రి పదకొండున్నర. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. "ఆ రోజు నాకు జ్వరం. మీ నాన్నగారికి చెప్పలేదు. రీలు పూర్తి చేసి మర్నాడు పోస్టు చేయాలన్నారు" అంది.

తెల్లారి రెండు కుప్పలూ కలిపేశాను. నాలుగు ఆదివారాలు కూర్చుని, చట్రాల మీది అంకెల్ని బట్టి మళ్ళీ రీళ్ళుగా పేర్చాను. ఒక రీలు మొత్తం వరసగా స్కాన్ చేయడం, అందులో స్కేలున్న ఫ్రేము వెతకడం, దానితో రంగు సరిచూసుకుని మిగతావాటికి వేయడం. స్కేలు లేని రీళ్ళలో కష్టపడ్డాను. తెల్లటి పంచె దొరికితే దాన్ని పట్టుకునేదాన్ని, కానీ పంచెలు నీలిమందుతో కొంచెం నీలంగా ఉంటాయి, అది మోసం చేస్తుంది. పాత స్లైడ్లు స్కాన్ చేయాలనుకునే ఎవరికైనా నేను చెప్పే మొదటి మాట డిపిఐ గురించి కాదు, వరస చెదరగొట్టకండి అని. నెగటివ్‌ల ముక్కలు కూడా కవర్లలోంచి కలిపేసి తీయకండి. పక్క ఫ్రేము ఏదో తెలిస్తే ఈ ఫ్రేము సగం తెలిసినట్టే.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఈ స్కానర్లో మామూలు కాంతితో ఒకసారి, కంటికి కనపడని పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) కాంతితో ఇంకోసారి చదివే ఏర్పాటు ఉంది. కలర్ ఫిల్మ్‌లోని రంగులు పరారుణానికి అడ్డురావు, దుమ్ము, గీతలు అడ్డొస్తాయి. ఆ తేడాని బట్టి మచ్చలెక్కడున్నాయో సాఫ్ట్‌వేర్ పసిగట్టి పూడుస్తుంది. బూజు తీగలు చాలావరకు అలాగే పోయాయి, చూస్తుంటే ఆశ్చర్యమేసేది. కానీ నలుపు తెలుపు ఫిల్మ్‌కి ఇది పనికిరాదు. అందులో బొమ్మ వెండి గింజలతో ఏర్పడుతుంది, వెండి పరారుణాన్ని ఆపేస్తుంది, దాంతో బొమ్మనే మురికి అనుకుంటుంది. 1986 వరదల నెగటివ్‌లతో ఇది నాకు తెలిసింది. ఊటీలో హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ వాళ్ళు చేసిన ఇందు ఫిల్మ్ అది. ఆ ఏడాది ఆగస్టు 16న భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకి చేరింది. నాన్నగారు రాజమండ్రిలో గట్టు మీదనుంచి తీశారు. నెత్తిన ట్రంకు పెట్టెలతో మనుషులు, గేదెలు, వెనక హేవలాక్ వంతెన స్తంభాలు. పరారుణం ఆన్‌లో ఉండగా చేసిన మొదటి ముక్కలో మొహాలన్నీ ఎవరో వేలితో రుద్దినట్టు చెరిగిపోయాయి. ఆపేసి మళ్ళీ చేస్తే, ఒకాయన ట్రంకు మీద రంగుతో రాసుకున్న ఇంటిపేరు కూడా చదవగలిగాను. ఆ ఫిల్మ్ మీద మచ్చల్ని మాత్రం ఒక్కొక్కటీ చేత్తోనే తీయాలి. గట్టు ఫొటో ఒక్కదానికే రెండు సాయంత్రాలు పట్టింది.

కోడాక్ వాళ్ళ స్లైడ్ ఫిల్మ్ కోడాక్రోమ్‌తోనూ అలాంటి ఇబ్బందే. 1982లో మావయ్య అమెరికా నుంచి వచ్చినప్పుడు తీసి, తిరిగి వెళ్ళాక అక్కడే కడిగించి పంపిన పెట్టె ఒకటి ఉంది. పరారుణం పెడితే తాతగారి కళ్ళజోడు ఫ్రేములో ఒక పక్క మాయమైంది, తీసేస్తే సరిపోయింది. రంగులైతే నిన్న తీసినట్టున్నాయి. ఆ ఫిల్మ్‌లో రంగులు ముందే ఉండవు, కడిగేటప్పుడు ఎక్కిస్తారు. చీకట్లో దాచితే అవి దశాబ్దాలు నిలుస్తాయి. 1935లో మొదలైన ఆ ఫిల్మ్‌ని 2009లో ఆపేశారు, కడిగే చివరి ల్యాబ్ కూడా 2010 ఆఖరుకి రీళ్ళు తీసుకోవడం మానేసింది. అదే అరలో, అదే చీరల కింద ఉన్న ఓర్వో గులాబీ అయిపోతే ఇది అలా ఉండిపోవడం చూసి, నాన్నగారికి ఈ రీళ్ళు దొరికి ఉంటే అనిపించింది. కానీ అప్పుడు మాకు ఆ ఐదారు ఫ్రేములు కూడా మిగిలేవి కావేమో. ఆ ఫిల్మ్ కడిగించడం మాకు అంత తేలిక కాదు మరి.

ఏప్రిల్లో మొదలుపెట్టింది ఆగస్టు చివరికి పూర్తయింది. మొత్తం 1,130 ఫ్రేములు. ఆఫీసు నుంచి వచ్చాక రోజుకి 15, 20 మించి చేయలేకపోయేదాన్ని. ఒక్కొక్కదానికి నాలుగు నిమిషాలైనా పడుతుంది. స్కానర్ ఇచ్చిన ఫైలుని అలాగే ఉంచి, రంగులు సరిచేసింది వేరే కాపీగా పెట్టాను. రేపు ఎవరైనా నాకన్నా బాగా చేయగలిగితే మొదటినుంచి చేసుకోవచ్చు. ఫైళ్ళకి పేర్లు నేను పెట్టలేదు. నాన్నగారి అంకెలే, 77-03-33, 81-01-07, అలా. ఒక హార్డ్ డిస్కు నా దగ్గర, ఒకటి బెంగళూరులో తమ్ముడి దగ్గర. ఫొటోలో ఎవరున్నారో అమ్మ చెబుతుంటే నోటుపుస్తకంలో రాసుకున్నాను. మొక్కల పేర్లు నాన్నగారు ముందే రాసిపెట్టారు కాబట్టి వాటికి ఏ ఇబ్బందీ లేదు. మనుషుల పేర్లే ఎక్కడా లేవు. దొడ్డమ్మ పెళ్ళిలో పందిరి రాట పక్కన నిలబడిన ఇద్దరు ఎవరో అమ్మకి కూడా గుర్తు రాలేదు.

బిస్కెట్ల డబ్బా అడుగున ఒక కాగితం పొట్లం మిగిలింది. అందులో వెడల్పాటి నెగటివ్‌లు, ఒక్కో ఫ్రేమూ ఆరు సెంటీమీటర్ల చదరం. 120 ఫిల్మ్. మా తాతగారి డబ్బా కెమెరాతో తీసినవి, నాన్నగారి పెళ్ళికి ముందువి. ఈ స్కానర్‌లో 35 మిల్లీమీటర్ల ఫిల్మ్ తప్ప పట్టదు. వాటికి పెద్ద ట్రే ఉన్న యంత్రం కావాలి. దాని ధర చూసి తమ్ముడూ నేనూ వచ్చే ఏడాదికి వాయిదా వేసుకున్నాం.

నిన్న అమ్మ ఆ పొట్లం విప్పి, ఒక ముక్క అంచులు పట్టుకుని ట్యూబ్‌లైటు వైపు ఎత్తింది. నలుపు తెలుపైన మొహాలు, తెలుపు నలుపైన పంచెలు. "ఇదిగో, ఈ కుర్రాడు మీ నాన్నగారే. నుంచునే తీరు చూడు" అంది. నేను నోటుపుస్తకం తీసి, ఇంకా నంబరు లేని ఆ ఫ్రేముకి ఎదురుగా రాసుకున్నాను.